ఇంటర్ అబ్బాయికి ఉన్నట్టుండి కన్ను లోపలికి తిరిగింది: ఎంఆర్ఐ ఎవరికి, ప్రిజం ఎంత, ఆపరేషన్ ఎప్పుడు?

విజన్‌సెంటర్_పాలమూరు:

జిల్లాలోని ఒక విజన్ సెంటర్‌లో ఆప్టోమెట్రీ చూస్తాను. ఒక కేసు గురించి సలహా కావాలి.

17 ఏళ్ల అబ్బాయి, ఇంటర్ సెకండియర్. మూడు వారాలుగా దూరంగా ఉన్నవి రెండేసి కనబడుతున్నాయి. మొదట్లో సాయంత్రం పూట మాత్రమే, ఇప్పుడు పొద్దస్తమానం. రెండు బొమ్మలూ పక్కపక్కనే ఉంటాయి, ఏ కన్ను మూసినా ఒకటి పోతుంది. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తే మాత్రం ఒక్కటే కనిపిస్తుందట. కుడి కన్ను ముక్కు వైపు తిరిగి ఉండటం మామూలు కంటికే తెలుస్తోంది. చిన్నప్పటి ఫొటోల్లో మెల్ల లేదు.

పాత అద్దాలు −3.00, రెండేళ్ల కిందటివి, పెట్టుకునేది తక్కువ. పవర్ చూపే యంత్రం ఆటోరిఫ్రాక్టర్‌లో ఇప్పుడు రెండు కళ్లకూ −4.75 వచ్చింది. ఆ పవర్‌తో చూపు 6/6. అదే పవర్ పెట్టి కవర్ టెస్ట్ (ఒక్కో కన్ను మూసి తీస్తూ మెల్ల కొలవడం) చేస్తే 6 మీటర్లకు 25 ప్రిజం, 33 సెంటీమీటర్లకు 18 ప్రిజం (ప్రిజం అంటే వెలుగును పక్కకు వంచే గాజు, మెల్లను దాని అంకెల్లోనే కొలుస్తాం). పక్కలకు కళ్లు పూర్తిగానే తిరుగుతున్నట్టు అనిపించింది. తలనొప్పి ఉందా అంటే "అప్పుడప్పుడూ" అన్నాడు. ఫోకస్ కండరాన్ని వదులు చేసి అసలు పవర్ చూపే డ్రాప్స్ ఇంకా వేయలేదు. ఆన్‌లైన్ క్లాసులు, వీడియోలు కలిపి రోజుకు ఆరేడు గంటలు ఫోన్ మీదే.

ఫోన్ వల్లేనని వదిలేయవచ్చా, ఎంఆర్ఐకి పంపాలా? కళ్లద్దాల షాపులో పెన్సిల్ వ్యాయామం చేయమన్నారట, చేయనివ్వాలా? ఇంట్లోవాళ్లేమో "మెల్లకన్ను అదృష్టం, పరీక్షలయ్యాక చూద్దాంలే" అంటున్నారు.

---

స్క్వింట్_సర్జన్:

ముందు పెన్సిల్ వ్యాయామం ఈ రోజే ఆపించండి. అది దగ్గర చూసేటప్పుడు కళ్లు లోపలికి చాలినంత రాని వాళ్ల కోసం. ఈ అబ్బాయి కళ్లు ఇప్పటికే కావలసినదానికంటే ఎక్కువ లోపలికి వస్తున్నాయి. పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ కూర్చుంటే ఆ లాగుడుకే ఇంకా అలవాటు పడతాడు. "కంటి వ్యాయామం" అనే ఒక్క పేరుతో అన్ని రకాల మెల్లలకూ ఇదే చెప్పడం మన దగ్గర బాగా ఉంది.

ఫోన్ దగ్గరగా పెడితే ఎందుకు ఒక్కటిగా కనిపిస్తుందో లెక్క వేసి చూడండి. రెండు కంటిపాపల మధ్య దూరం 6 సెంటీమీటర్లు అనుకుంటే, 25 ప్రిజం లోపలికి తిరిగిన కళ్ల చూపు రేఖలు దాదాపు 24 సెంటీమీటర్ల దగ్గర కలుస్తాయి. ఫోన్ సరిగ్గా అక్కడ ఉంటే తంటా లేదు. పైగా −4 దగ్గర పవర్ ఉన్నవాడికి అద్దాలు తీసేస్తే స్పష్టంగా కనిపించేదీ 25 సెంటీమీటర్ల దగ్గరే. అందుకే అద్దాలు తీసి, ఫోన్ ఇంకాస్త దగ్గరికి లాక్కుంటాడు. 40 సెంటీమీటర్ల దగ్గర చదవడానికి కళ్లు సుమారు 15 ప్రిజం లోపలికి రావాలి, 20 సెంటీమీటర్లకు 30 రావాలి. గంటల తరబడి ఆ 30 దగ్గరే ఉంటే లోపలి కండరాల బిగువు వదలదు. కళ్లను మళ్లీ విడదీసి నిలిపే శక్తి అంచుల మీద ఉన్నవాడికి ఒకరోజు అది చాలకుండా పోతుంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. సరైన అద్దాలు లేని మైనస్ పవర్ వాళ్లలో ఇలా వచ్చే మెల్లను బీల్షోవ్‌స్కీ అనే కంటి వైద్యుడు 1922లోనే రాశాడు. స్వాన్ 1947లో ఇంకో రకం చెప్పాడు: ఏదో కారణంతో ఒక కంటికి కొన్నాళ్లు కట్టు కట్టి విప్పాక బయటపడేది. బురియన్, మిల్లర్ 1958లో వీటిని మూడు రకాలుగా సర్దారు. ఫోన్ మాట గట్టిగా వినబడింది 2016లో, దక్షిణ కొరియా నుంచి. 7 నుంచి 16 ఏళ్ల పిల్లలు 12 మంది, అందరూ రోజుకు 4 గంటలకు మించి ఫోన్ చూసేవాళ్లు. ఫోన్ మానిపించాక మెల్ల తగ్గింది కానీ అందరికీ పూర్తిగా పోలేదు, కొందరికి ఆపరేషన్ అవసరమైంది. కాబట్టి "ఫోన్ మానితే అదే పోతుంది" అని ఇంట్లోవాళ్లకు మాట ఇవ్వకండి.

ఇక అదృష్టం సంగతి. ఏడాది రెండేళ్ల పసివాడికి మెల్ల వచ్చినప్పుడు ఆ మాట అని ఊరుకుంటే ఆ కంటి చూపే మందగిస్తుంది. 17 ఏళ్లవాడికి ఆ ప్రమాదం లేదు గానీ రెండేసి కనబడుతుంటే బండి నడపకూడదు, రోడ్డు దాటడమూ ప్రమాదమే. పరీక్షలయ్యే దాకా ఆగే విషయం కాదు.

---

ఆర్థాప్టిక్స్_విశాఖ:

మీరు ఇచ్చిన అంకెల్లో నాకు రెండు చోట్ల అనుమానం ఉంది.

మొదటిది −4.75. దగ్గర చూసి చూసి ఫోకస్ కండరం బిగుసుకుపోయిన కుర్రాళ్లకు ఆటోరిఫ్రాక్టర్ మైనస్ ఎక్కువ చూపిస్తుంది. ఆ ఎక్కువ పవర్‌తోనూ 6/6 చదువుతారు కాబట్టి మనకు అనుమానం రాదు. కానీ అనవసరమైన ప్రతి 1.00 మైనస్‌కూ కళ్లు మామూలుగా మూడు నాలుగు ప్రిజం అదనంగా లోపలికి వస్తాయి, కొందరికి ఇంకా ఎక్కువ. అంటే ఆ అద్దాలే మెల్లను పెంచుతాయి. కాబట్టి సైక్లోపెంటొలేట్ 1% డ్రాప్స్ వేయండి: ఒక చుక్క, 5–10 నిమిషాలాగి ఇంకో చుక్క, 40 నిమిషాల తర్వాత రెటినోస్కోపీ (కంట్లోకి వెలుగు వేసి పవర్ కొలవడం). కంటిపాప చర్య, కదలికలు, ప్రిజం కొలత, స్టీరియో టెస్ట్ (లోతు తెలుస్తోందా అని చూసేది) అన్నీ డ్రాప్స్‌కు ముందే అయిపోవాలి.

రెండోది "పక్కలకు పూర్తిగానే తిరుగుతున్నట్టు అనిపించింది" అన్న మాట. కంటిని బయటికి తిప్పే ఆరో నరం కొద్దిగా దెబ్బతిన్నప్పుడు కన్ను చివరి దాకా వెళ్లినట్టే కనిపిస్తుంది. చూడాల్సింది ఇలా. ఒక్కో కన్ను మూసి, తెరిచిన కంటితో బయటి వైపు చివరి దాకా చూడమనండి. నల్లగుడ్డు అంచు బయటి మూలకు తగలాలి, మధ్యలో తెల్లగుడ్డు మిగలకూడదు. తర్వాత మీ రెండు చేతుల్లో రెండు పెన్నులు పట్టుకుని, దీన్ని చూడు, దాన్ని చూడు అంటూ చూపు గబగబా దూకించండి. బయటికి వెళ్లేటప్పుడు ఒక కన్ను మందంగా సాగితే ఆ వైపు నరం బలహీనంగా ఉన్నట్టే. ఆపైన 6 మీటర్ల చార్ట్ మీదే చూపు పెట్టించి, ముఖం ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు 30 డిగ్రీలు తిప్పి ప్రిజం కొలవండి. నేరుగా చూసినప్పుడూ రెండు పక్కలా ఒకే అంకె వస్తే కండరాలు బాగున్నాయన్నమాట. ఒక పక్కకు 10 ప్రిజం దాకా పెరిగితే దాన్ని ఫోన్ మెల్ల అనకండి.

కొలిచేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాట్లు: టార్చి వెలుగు చూపించి కొలవడం (అక్షరం చూపాలి, లేకపోతే ఫోకస్ స్థిరంగా ఉండదు), ఒకే కంటి ముందు రెండు ప్రిజంలు ఒకదానిపై ఒకటి పెట్టి అంకెలు కూడటం (నిజమైన కొలత కూడికకంటే ఎక్కువ ఉంటుంది, రెండు కళ్లకు పంచండి), 6 మీటర్ల గదితో ఆగిపోవడం. వరండాలోకి తీసుకెళ్లి దూరంగా ఉన్న బోర్డు చూపించి మళ్లీ కొలవండి. అక్కడ ఇంకా పెరిగితే ఆ సంగతి రాయాలి.

---

న్యూరో_ఆఫ్తల్:

సర్జన్ గారు చెప్పిన లెక్క బాగుంది. కానీ ఈ అబ్బాయిని నేనైతే స్కాన్‌కు పంపుతాను. మూడు కారణాలు: దూరానికి 25, దగ్గరికి 18, అంటే దూరానికే ఎక్కువ. ఆరో నరం మెల్లకూ అదే లక్షణం. తలనొప్పి ఉంది. డిస్క్ (కంటి వెనుక గోడలో చూపు నరం మొదలయ్యే చోటు) ఎవరూ చూడలేదు. రోజుకు ఏడు గంటలు ఫోన్ చూసేవాడికి మెదడులో గడ్డ రాకూడదని ఎక్కడా లేదు కదా. ఫోన్ అనేది మిగతావన్నీ కొట్టేశాక పెట్టాల్సిన పేరు.

అన్ని వైపులా సమానంగా ఉన్న మెల్ల కూడా మెదడు వెనుక భాగంలోని గడ్డ వల్ల, నీరు చేరడం వల్ల, కియారీ (చిన్నమెదడు కింది భాగం మెడ వైపు జారి ఉండటం) వల్ల రావచ్చు. వీళ్లను పట్టించే గుర్తులు: తెల్లవారుజామున ఎక్కువయ్యే తలనొప్పి, వాంతి, నడకలో తూలడం, కళ్లు అదరడం (ముఖ్యంగా కిందికి కొట్టుకునేలా ఉంటే కియారీ), ఉబ్బిన డిస్క్, పిల్లవాడికి ఆరేళ్లు దాటి ప్లస్ పవర్ లేకుండా వచ్చిన మెల్ల, సరిగ్గా చేసిన ఆపరేషన్ తర్వాత మళ్లీ తిరిగిన కన్ను. వీటిలో ఒక్కటున్నా ఆలస్యం వద్దు.

తలనొప్పి గురించి "ఉందా లేదా" అని అడిగి వదిలేయకండి. నిద్ర లేవగానే ఉంటుందా, దగ్గినా వంగినా పెరుగుతుందా, వంగి లేచినప్పుడు కొన్ని సెకన్లు చూపు మసకబారుతుందా, చెవిలో గుండె చప్పుడు వినిపిస్తుందా అని అడగండి. బరువు పెరిగిన యువతులైతే తలలో ఒత్తిడి పెరిగే జబ్బు గుర్తుంచుకోండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ వాడుతున్నారేమో కూడా అడగండి, రెండూ ఆ ఒత్తిడికి కారణం కాగలవు. ఈ వయసు పిల్లలు అడిగితే తప్ప మొటిమల మందు సంగతి చెప్పరు.

పంపేటప్పుడు సీటీతో సరిపెట్టకండి. మెదడు వెనుక భాగంలో ఎముక నీడలు పడి చిన్నవి తప్పిపోతాయి. కాంట్రాస్ట్‌తో ఎంఆర్ఐ బ్రెయిన్, ఆర్బిట్స్ (కంటి గూళ్లు) అని రాసి, పుర్రె మెడతో కలిసే చోటు కూడా చూడమని ఒక మాట చేర్చండి. డిస్క్ ఉబ్బి ఉంటే ఎంఆర్ వీనోగ్రామ్ (మెదడు సిరల స్కాన్) కూడా కావాలి, అది ఆ రోజే వెళ్లాల్సిన కేసు. మీ జిల్లా నుంచైతే నిమ్స్ లాంటి న్యూరో విభాగమున్న చోటికి నేరుగా పంపడం మేలు, మధ్యలో కంటి క్లినిక్‌లు తిప్పొద్దు.

---

స్క్వింట్_సర్జన్:

డిస్క్ చూడకుండా ఏదీ తేల్చకూడదన్నది ఒప్పుకుంటాను. కానీ ఒక మాట. బీల్షోవ్‌స్కీ రకంలోనూ దూరానికే ఎక్కువ ఉండటం మామూలే, దగ్గరికి కలుపుకోగలరు. డిస్క్ బాగుండి, పక్క కొలతలు సమానంగా ఉండి, నరాల పరీక్షలో ఏమీ లేకపోతే, వారం తేడాతో మళ్లీ కొలుస్తూ వేచి చూసేవాళ్లూ ఉన్నారు. తలనొప్పి ఉంది కాబట్టి ఇతనికి మాత్రం స్కాన్ వైపే నా ఓటు.

---

విజన్‌సెంటర్_పాలమూరు:

డ్రాప్స్ వేసి చూశాను. రెండు కళ్లకూ −3.75. అంటే ఆటోరిఫ్రాక్టర్ 1.00 ఎక్కువ చూపింది. కొత్త పవర్‌తో మళ్లీ పిలిచి కొలిస్తే దూరానికి 22, దగ్గరికి 14. కుడికి 22, ఎడమకు 22. పెన్నులతో చూపు దూకించినప్పుడు రెండు కళ్లూ సమానంగానే వెళ్లాయి. పెద్దాసుపత్రిలో డిస్క్ చూసి మామూలుగా ఉందన్నారు, ఎంఆర్ఐలో కూడా ఏమీ లేదు. ప్రిజం పెడితే వర్త్ ఫోర్ డాట్ పరీక్షలో నాలుగు చుక్కలూ చూస్తున్నాడు. ఈలోగా ఒక కంటికి కట్టు కట్టమంటారా?

---

ఆర్థాప్టిక్స్_విశాఖ:

నాలుగు చుక్కలూ కనిపిస్తున్నాయంటే రెండు కళ్లూ కలిసి చూసే శక్తి ఉంది. ఇతనికి ఉన్న ఆస్తి అదే. రోజంతా కట్టు కడితే రెండేసి కనబడటం పోతుంది, దాంతోపాటు కళ్లను కలిపి ఉంచే పనీ ఆగిపోతుంది, మెల్ల పెరగొచ్చు. పైన చెప్పిన స్వాన్ రకం అలా వచ్చేదే. రోడ్డు దాటేటప్పుడు, బస్సెక్కేటప్పుడు లాంటి అవసరానికి ఒక గాజు మీద మసక టేపు అంటించుకోవడం వేరు. మిగతా సమయమంతా ప్రిజం.

−3.75 అద్దాలు నిద్ర లేచిన దగ్గర్నుంచి పెట్టుకోవాలి. రెండు వారాలాగి కొలవండి. అప్పటికి పదీ పన్నెండుకు తగ్గితే, ఒక్కో కంటికి 5–6 చొప్పున గాజులోనే ప్రిజం కలిపి చేయించవచ్చు. ఇరవై దగ్గరే ఉంటే గాజు బరువై, అంచు మందమై పనికిరాదు. ఫ్రెనెల్ అతికించాలి.

ఫ్రెనెల్ పలచటి ప్లాస్టిక్ షీటు, మీద సన్నటి గీతలుంటాయి. 10 దాటాక 12, 15, 20, 25, 30 అలా మెట్లలో దొరుకుతుంది. అంటించకముందే షీటు అద్దం ముందు పట్టుకుని, దూరంలో ఒక్కటిగా కనిపించే అతి తక్కువ పవర్ ఎంచుకోండి. ఎక్కువగా తిరిగే కంటి వైపు పెట్టాలి, ఇతనికి కుడి. మందమైన అంచు చెవి వైపు ఉండాలి. తిరగేసి ముక్కు వైపు పెట్టారో, 20 ప్రిజంతో మెల్ల ఇంకా 20 పెరిగినట్టవుతుంది, బొమ్మలు మరింత దూరం జరుగుతాయి. కత్తిరించేటప్పుడు ఫ్రేమ్ నుంచి గాజు తీసి, కాగితం మీద దాని అంచు గీసుకుని, ఆ కాగితం పెట్టి కత్తిరించండి. గీతలు నిట్టనిలువుగా రావాలి. కొద్దిగా వాలినా పక్కన ఉన్న బొమ్మ కాస్త పైకో కిందికో పోతుంది, దాన్ని కలపడం ఇంకా కష్టం. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, నీళ్ల లోపలే గాజు వెనుక వైపుకు నున్నటి పక్క ఆనించి, మధ్య నుంచి అంచులకు బొటనవేలితో బుడగలు తోసేయండి. రాత్రంతా ఆరనివ్వండి.

చూపు ఒకటి రెండు లైన్లు తగ్గుతుందని, దీపాల చుట్టూ చారలు కనిపిస్తాయని ముందే చెప్పండి. చెప్పకపోతే మూడో రోజు పీకేసి వస్తారు. కొన్ని నెలలకు షీటు పసుపెక్కుతుంది, మార్చాలి.

ఫోన్ పడుకుని చూడటం పూర్తిగా బంద్. క్లాసులు టీవీకో పెద్ద మానిటర్‌కో మార్చి మీటరు దూరంలో కూర్చోబెడితే ఎవరూ గొడవ పడక్కర్లేదు. పుస్తకమైతే అద్దాలతోనే, మోచేయి మడిచినంత దూరంలో. అరగంటకోసారి లేచి కిటికీ బయటికి చూడాలి.

---

పీహెచ్‌సీ_మెడికల్_ఆఫీసర్:

అంగన్‌వాడీ స్క్రీనింగ్‌లో మూడేళ్ల పాప వచ్చింది. నెల రోజులుగా అప్పుడప్పుడూ, ముఖ్యంగా జ్వరమొచ్చినప్పుడూ అలసినప్పుడూ కన్ను లోపలికి పోతోందంటున్నారు. అక్కడే 58 ఏళ్ల షుగర్ పేషెంటు కూడా ఉన్నారు, ఎడమ కన్ను నాలుగు రోజులుగా బయటికి వెళ్లడం లేదు. వీళ్లకూ ఇదే పద్ధతా?

---

స్క్వింట్_సర్జన్:

పాప దారి పూర్తిగా వేరు. ఆ వయసులో మొదట అనుమానించాల్సింది ప్లస్ పవర్ వల్ల వచ్చే మెల్ల. స్పష్టంగా చూడ్డానికి ఫోకస్ బిగిస్తుంది, దాంతోపాటు కళ్లు లోపలికి వస్తాయి. రెండు మూడేళ్ల మధ్య మొదలవుతుంది, సాధారణంగా +4 ప్రాంతంలో పవర్ ఉంటుంది. ఇక్కడ సైక్లోపెంటొలేట్ చాలకపోవచ్చు. అట్రోపిన్ 1% ఆయింట్‌మెంట్ బియ్యపు గింజంత, రెండు పూటలా, మూడు రోజులు. పరీక్ష రోజు పొద్దున పెట్టొద్దు, జిడ్డుకు రెటినోస్కోపీ మసకబారుతుంది. పెట్టాక కంటి లోపలి మూల నిమిషం పాటు నొక్కి పట్టమనండి, చేయి కడుక్కోమనండి. ముఖం ఎర్రబడి జ్వరం వస్తే ఆపేసి తీసుకురమ్మనాలి. వచ్చిన ప్లస్ పవర్‌లో ఏమీ తగ్గించకుండా పూర్తిగా రాసి, నాలుగు నుంచి ఆరు వారాలు రోజంతా పెట్టించి కొలవాలి. చాలామందికి అద్దాలతోనే కన్ను నిలబడుతుంది. అద్దాలు తీస్తే మళ్లీ తిరుగుతుంది, దాన్ని చూసి "అద్దాలు పనిచేయలేదు" అనుకుని మానేస్తారు, తల్లికి ముందే చెప్పండి. అద్దాలు పెట్టినా మిగిలే మెల్లకే ఆపరేషన్.

అన్నిటికంటే ముందు, అదే రోజు ఆఫ్తాల్మోస్కోప్‌తో (కంట్లోకి వెలుగు వేసి చూసే పరికరం) కంటిపాపలో ఎర్ర వెలుగు చూడండి. తెల్లగా మెరిస్తే రెటినోబ్లాస్టోమా (పిల్లల్లో వచ్చే కంటి క్యాన్సర్) కావచ్చు, దానికి మెల్ల కూడా తొలి గుర్తుల్లో ఒకటి. కొత్తగా మెల్ల వచ్చిన ఏ పిల్లకైనా కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడాల్సిందే. పాప చిన్నది కాబట్టి హైదరాబాద్ సరోజినీదేవిలో గానీ విశాఖ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో గానీ చూపించవచ్చు, మీరు ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం) ద్వారా పంపితే తిరుగుడు తగ్గుతుంది.

---

న్యూరో_ఆఫ్తల్:

58 ఏళ్లాయనది ఆరో నరానికి రక్తం అందించే సన్న నాళం మూసుకుపోవడం కావచ్చు. కంటి చుట్టూ నొప్పి ఉండవచ్చు, ఎడమకు చూస్తే రెండేసి ఎక్కువవుతాయి. బీపీ చూసి, షుగర్, హెచ్‌బీఏ1సీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి. చాలామందికి మూడు నెలల్లో దానంతటదే కోలుకుంటుంది. ఆ లోపు ఒక గాజుకు టేపు, బండి వద్దు. మూడు నెలలకూ మెరుగు మొదలవ్వకపోయినా, రెప్ప వాలినా, ముఖం మొద్దుబారినా, కంటిపాప తేడాగా ఉన్నా, వేరే నరం కూడా తోడైనా ఎంఆర్ఐ. క్యాన్సర్ చికిత్స చేయించుకున్న చరిత్ర ఉంటే మూడు నెలలు ఆగకుండా మొదటి రోజే. పొద్దున బాగుండి సాయంత్రానికి పెరిగితే మయస్థీనియా (కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు) పరీక్షలు, కన్ను పెద్దదై రెప్ప పైకి లాగినట్టుంటే థైరాయిడ్ చూడండి.

---

విజన్‌సెంటర్_పాలమూరు:

మా దగ్గరికి వచ్చిన ఇంటర్ అబ్బాయి విషయంలో చివరిగా ఒకటి. రెండు వారాల తర్వాత అద్దాలతో ఇంకా 20 దగ్గరే ఉంటే ఇంజెక్షన్ అంటారు, ఆపరేషన్ అంటారు. ఏది ముందు?

---

స్క్వింట్_సర్జన్:

రెండూ సరైనవే, సమయం తేడా. లోపలి కండరంలోకి బొటులినం 2.5 నుంచి 5 యూనిట్లు వేస్తే అది కొన్నాళ్లు బలహీనపడుతుంది. రెండు మూడు రోజులకు మొదలై, రెండో వారానికి గట్టిగా పనిచేసి, రెండు మూడు నెలలకు దిగిపోతుంది. ఆలోగా కళ్లు కలిసి చూడటం నిలదొక్కుకుంటే మందు దిగాక కూడా తిన్నగా ఉంటాయి. మెల్ల కొత్తగా ఉన్నప్పుడే ఇది ఎక్కువ పనికొస్తుంది, అందుకని దీనికి ఆరు నెలలు ఆగరు. చిక్కేమిటంటే మొదటి వారాల్లో కన్ను అటు తిరిగి బయటికి పోవచ్చు, రెప్ప వాలవచ్చు. వారాల్లో సర్దుకుంటుంది గానీ పరీక్షల ముందు వేయించుకునేవాడికి ఇది ముందే తెలియాలి. మళ్లీ వేయాల్సి రావచ్చు కూడా.

ఆపరేషన్‌కైతే కొలత కొన్ని నెలలు కదలకుండా ఉండాలి, ఆరు నెలలు అని చాలామంది ఆగుతారు. రెండు కళ్ల లోపలి కండరాలనూ వెనక్కి జరుపుతారు. మామూలు పట్టిక ప్రకారం 25 ప్రిజంకు ఒక్కోటి 4 మిల్లీమీటర్లు, 30కి 4.5, 35కి 5. ఈ రకం మెల్లలో తరచూ వచ్చే సమస్య తక్కువ దిద్దడం. కళ్లు లోపలే బిగబట్టి ఉంటాయి, క్లినిక్‌లో ఒక్కసారి కొలిస్తే పూర్తి మెల్ల బయటపడదు. అందుకే ముందు ఫ్రెనెల్ పెట్టించి, వారం రెండు వారాలాగి ప్రిజం మీదుగానే మళ్లీ కొలవాలి. 22 అన్నది 30కి పెరిగితే ఆ ముప్పైకే ఆపరేషన్. మీరు పంపే లెటర్‌లో తేదీలతో దూరం, దగ్గర, కుడి, ఎడమ కొలతలు, డ్రాప్స్ తర్వాతి పవర్, ప్రిజం పెట్టిన తేదీ రాస్తే అక్కడ ఒక విజిట్ మిగులుతుంది.